మీకు వచ్చిన హిందీ ఇప్పుడు మన ఊళ్లకు కావాలి: గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారికి బహిరంగ లేఖ

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల్లో గల్ఫ్ నుంచి తిరిగివచ్చి సొంత ఊళ్లలో ఉంటున్న అన్నలకు, తమ్ముళ్లకు, మీరు పెట్టుకున్న సంఘాల బాధ్యులకు నమస్కారం.

మన ప్రాంతంలోని బాయిల్డ్ రైస్ మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో, పత్తి జిన్నింగు మిల్లుల్లో, గ్రానైట్ క్వారీల్లో, ఇటీవలి కాలంలో వరినాట్ల దగ్గర కూడా బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారన్నది మీకు తెలియని విషయం కాదు. కాజీపేటలోనో రామగుండంలోనో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలోంచి మూటాముల్లెతో దిగి, రాత్రికి రాత్రే మిల్లు వెనుక రేకుల గదుల్లోకి చేరిపోయే ఆ మనుషులకు, ఆసుపత్రికి పోయినా, బ్యాంకుకు పోయినా, పోలీస్ స్టేషన్ మెట్లెక్కాల్సి వచ్చినా, తమ మాట తెలిసిన స్థానికుడు ఒకడు పక్కన ఉండాలి. పక్కపక్కనే ఉన్న నాలుగు మిల్లులకు ఒకరు, ఒక వరుస బట్టీలకు ఒకరు చొప్పున మీలోంచి ఆ మనిషి రావాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో హిందీ పండిట్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి. ఇప్పుడు సుల్తానాబాద్ దగ్గర ఉంటున్నాను. చుట్టూ మిల్లులే కాబట్టి, రిటైరైన నాటి నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "సారూ, జెరంత రాండ్రి, వీళ్లు చెప్పేది సమజైతలేదు" అని ఒకరోజు ఆసుపత్రి నుంచి, ఒకరోజు గ్రామ పంచాయతీ నుంచి, ఒకరోజు సిమ్ కార్డులు అమ్మే దుకాణం నుంచి పిలుస్తారు. వెళ్తాను. అయితే నేను చదివి, చెప్పిన హిందీ పాఠ్యపుస్తకాల హిందీ. బీహార్‌లోని సీవాన్, గోపాల్‌గంజ్, దర్భంగా నుంచి వచ్చినవారు తమలో తాము మాట్లాడుకునేది భోజ్‌పురి, మైథిలి. మగవాళ్లు నాలుగు చోట్ల తిరిగినవాళ్లు కాబట్టి నాతో సర్దుకుని మాట్లాడతారు. ఆడవాళ్లు, అందులోనూ మొదటిసారి ఊరు దాటివచ్చినవాళ్లు, అట్లా మాట్లాడలేరు.

మొన్నటి యాసంగిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో జరిగిన సంగతి చెప్తాను. మిల్లు కూలీ భార్య ఒకామె రెండేళ్ల పిల్లను ఎత్తుకుని వచ్చింది. పిల్ల వాంతులు చేసుకుని సొమ్మసిల్లి ఉంది. నేను వ్యాకరణం తప్పకుండా అడిగిన ప్రశ్నలకు ఆమె చెప్పిన జవాబుల్లో సగం నాకు అందలేదు. డాక్టరమ్మకైతే ఒక్క ముక్కా అందలేదు. బీపీ గోలీల కోసం వరుసలో నిలబడ్డ ఒకాయన, షార్జాలో చాలా ఏళ్లు షటరింగ్ పని చేసి వచ్చినవాడు, ముందుకు వచ్చి ఆమె యాసలోనే రెండు మాటలు అడిగాడు. అంతే, ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. ముందురోజు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించారు, గోలీలు కూడా ఇచ్చాడు, అవి వేసిన దగ్గర నుంచే వాంతులు ఎక్కువయ్యాయి. ఆ గోలీల పట్టీ ఎక్కడుందని ఆయన అడిగితే ఆమె కొంగు ముడి విప్పి చూపించింది. డాక్టరమ్మ దాన్ని వెలుగుకు పెట్టి పేరు చదివి, వెంటనే పిల్లను లోపలికి తీసుకుపోయింది. ఈ మాట ఎక్కడ నేర్చుకున్నావని నేనడిగితే, "క్యాంపుల మా రూంల నలుగురు సీవానోళ్లే సార్, వాళ్ల వంట తిని తిని మాట గుడ వచ్చింది" అన్నాడు. ఈలోగా వరుసలో ఆయన చోటు పోయింది. మళ్లీ చివరికి పోయి నిలబడ్డాడు.

ఆయన చేసింది పావుగంట పని. అది ఆ రోజు అక్కడ ఎవరి వల్లా కాలేదు. సీవాన్, గోపాల్‌గంజ్ జిల్లాలు మన జగిత్యాల, సిరిసిల్లల మాదిరే గల్ఫ్‌కు మనుషులను పంపే జిల్లాలు. ఇవాళ మన మిల్లుల్లో బస్తాలు మోస్తున్నవారి అన్నదమ్ములతో మీరు దుబాయిలోనో దమ్మాంలోనో ఒకే గదిలో పడుకున్నారు, ఒకే మెస్సులో తిన్నారు. ఆ చుట్టరికం ఇక్కడికి వచ్చాక తెగిపోవాల్సిన అవసరం ఏమిటన్నదే నా ప్రశ్న.

పరాయి దేశంలో దిగిన మొదటి వారం ఎట్లా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ చేతిలో పడ్డది ఒకటి. పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల బీరువాలో. అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, వచ్చేదాకా గేటు దాటాలంటే భయం. కంపెనీ విడిచి, కాగితాలు లేకుండా ఖల్లివెల్లి అయినవాళ్లకు ఏ గదిలో చోటిచ్చారో, పోలీసులు పట్టుకుంటే ఎవరు వెళ్లి అన్నం పెట్టి వచ్చారో, సౌదీలో 2013లో, కంపెనీల్లో స్థానికులకు ఉద్యోగాల వాటా ఇవ్వాలన్న నితాఖత్ గడువు వచ్చినప్పుడు, యూఏఈలో 2018లో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చినప్పుడు, ఇంటికి తిరిగిరావడానికి ఇచ్చే ఔట్‌పాస్ కోసం నిలబడ్డ మనవాళ్ల ఫారాలు ఎవరు నింపారో మీకు తెలుసు. చాలాసార్లు ఆ పని చేసినవాళ్లు పెద్ద పెద్ద సంస్థల వారు కారు, అంతకు రెండేళ్ల ముందు అదే కష్టం పడ్డ మన ఊరి డ్రైవరో, హెల్పరో.

మనకు సాయం చేసింది మనవాళ్లే కాదు కదా అన్న సంగతి కూడా మరచిపోకూడదు. గల్ఫ్ కంటే చాలా ముందే మన జిల్లాల వాళ్లు బొంబాయికి, భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయారు. నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలీలు పందొమ్మిదో శతాబ్దం నుంచే బొంబాయిలో కట్టడాల పనుల్లో ఉన్నారు. ముంబయి నగరపాలక సంస్థ మరాఠీతో పాటు ఇంకా ఎన్నో భాషల్లో బడులు నడిపింది, అందులో తెలుగు ఒకటి. భీవండి పద్మనగర్‌లో మన పద్మశాలీల పిల్లలు తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. పరాయి ఊరు తన ఖర్చుతో మన పిల్లలకు మన భాషలో అక్షరాలు దిద్దించింది. ఆ పిల్లల్లో కొందరు ఇవాళ సిరిసిల్లలో, వరంగల్‌లో నా వయసు వాళ్లయి కూర్చున్నారు.

ఇక మన దగ్గరి పరిస్థితి. 2020 లాక్‌డౌన్‌లో మన వాళ్లు చేసింది తక్కువేమీ కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా కాలినడకన ఉత్తరానికి పోతున్న కూలీలకు రోడ్డు పక్క ఊళ్లవాళ్లు అన్నం వండిపెట్టారు, చెప్పులు కొనిచ్చారు. వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది ఆ ఏడు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. వారం తిరగకుండానే, యాసంగి వడ్లు మిల్లులకు చేరుతుంటే దించేవాళ్లు లేక, బీహార్‌లోని ఖగడియా నుంచి మిల్లు కూలీలను మళ్లీ రైలులో రప్పించుకోవలసి వచ్చింది. వాళ్లు లేనిదే మన వడ్లు బియ్యం కావని ఆ వేసవిలో అందరికీ అర్థమైంది. అదే నెలలో వరంగల్ పక్కన గొర్రెకుంటలో ఒక బావిలోంచి తొమ్మిది మంది శవాలు తీశారు. అందులో ఎక్కువమంది ఒకే బెంగాలీ కుటుంబం వారు. ఆ నేరం వేరు, నేను చెప్పే విషయం వేరు, రెంటికీ ముడిపెట్టను. కానీ ఆ కుటుంబం దాదాపు ఇరవై ఏళ్లుగా మన మధ్యనే గోనె సంచులు కుట్టుకుంటూ బతికిందని మనలో చాలామందికి పత్రికల్లో చదివాకే తెలిసిందన్నది మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

దానికి రెండేళ్ల ముందు, 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టి, తెలంగాణ ఊళ్లలో తెలుగు రాని బాటసారులను కట్టేసి కొట్టిన సంఘటనలు కూడా మీకు గుర్తుండే ఉంటాయి. అట్లాంటి గుంపు మధ్యకు వచ్చి "ఆగుండ్రి, ఈయన ఫలానా మిల్లుల పని చేస్తడు, నాకెరికే" అని చెప్పగలిగిన మనిషి ఒక్కడుంటే ఆ రాత్రి వేరుగా తెల్లవారుతుంది. పోలీసులు వచ్చేలోపల ఆ మాట చెప్పగలిగేది ఊరివాడే.

ఇప్పుడు మిమ్మల్ని అడిగే పనులు చెప్తాను. వీటిలో డబ్బుతో పని పడేవి తక్కువ.

మొదటిది రేషన్. దేశంలో ఎక్కడి కార్డుకైనా ఎక్కడైనా బియ్యం తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లది తొలి జంటల్లో ఒకటి. ఇప్పుడది దేశమంతటా ఉంది. బీహార్‌లో ఆహార భద్రత కార్డు ఉన్న కూలీ మన ఊరి రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు, మిగతా వాటా ఇంటి దగ్గర భార్యాపిల్లలు అక్కడే తీసుకోవచ్చు. ఈ రెండో ముక్క తెలియకనే చాలామంది ఇక్కడ తీసుకుంటే ఊళ్లో కార్డు కట్ అవుతుందని భయపడి, కిరాణంలో బియ్యం కొనుక్కుంటున్నారు. బియ్యం మిల్లులో పనిచేస్తూ బియ్యం కొనుక్కోవడం ఏమిటో! ఒక్కరు వెంటబెట్టుకుని పోయి మొదటి నెల ఇప్పిస్తే చాలు, రెండో నెల నుంచి వాళ్లే పోతారు. డీలరుకు పద్ధతి తెలియకపోతే తహసీల్దారు కార్యాలయంలో పౌర సరఫరాల విభాగం వారిని అడగవచ్చు.

రెండోది కూలి లెక్క. మిల్లుల్లో కూలీలను తెచ్చేది ఠేకేదారు. అతను వాళ్ల ఊరివాడే కావడం వల్ల కొంత మేలు ఉంది, కష్టం వస్తే వాళ్లింట్లో అడిగేవాళ్లుంటారు. మన ఏజెంటు కూడా మన పక్కూరివాడే కదా; అయినా ఎన్ని ఇండ్లు మునగలేదు? ముందుగా ఇచ్చిన అడ్వాన్సు ఎంత, నెలనెలా పట్టుకున్నది ఎంత, చేతికి ఇచ్చింది ఎంత అన్నది చాలామంది కూలీల దగ్గర కాగితం మీద ఉండదు. మీరు క్యాంపులో జేబు డైరీలో ఓవర్‌టైం గంటలు రాసుకున్నట్లే వాళ్ల చేత రాయించండి. రాయడం రానివారు ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకున్నా సరే. ఠేకేదారు కూలి ఎగ్గొడితే అది చెల్లించే బాధ్యత అసలు యజమానిదేనని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. 2020లో పార్లమెంటు ఆ చట్టాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపినప్పుడు కూడా ఈ సూత్రాన్ని ఉంచింది. ఈ సంగతి కూలీలకు తెలియదు, నిజం చెప్పాలంటే కొందరు మిల్లు యజమానులకూ తెలియదు.

పిల్లల చదువు విషయంలో నాకు మాస్టారుగా కొంత పట్టుదల ఉంది కాబట్టి ఒక మాట ఎక్కువ చెప్తాను. ఒడిశాలోని బొలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి కార్తీకం, మార్గశిరం ప్రాంతంలో బట్టీలకు వచ్చే కుటుంబాలు వానలు పడేదాకా ఇక్కడే ఉంటాయి. పెద్దపల్లి ప్రాంతంలో బట్టీల దగ్గరే ఒడియా మాధ్యమంలో బడులు నడిపిన అనుభవం మన విద్యాశాఖకు ఉంది, అది మంచి పని. అట్లాంటి బడి లేనిచోట పిల్లలు అచ్చుల పక్కన మట్టి ముద్దలు అందిస్తూ కనిపిస్తారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఏడాది మధ్యలో వచ్చారనో, పుట్టినతేదీ కాగితం లేదనో బడి వాళ్లు వెనక్కి పంపరాదు. ఒడిశావాళ్లకు మీ హిందీ సగమే పనికొస్తుంది, అయినా హెడ్మాస్టరు ముందు కూర్చుని "చట్టం ఇట్లుంది సార్" అని చెప్పడానికి ఒడియా రానక్కరలేదు. నాలుగేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ ఉంది. ఈ పనికి మీకంటే మీ ఇంట్లో వాళ్లు ఎక్కువ తగినవాళ్లని నా అభిప్రాయం. మీరు అక్కడున్నన్నాళ్లూ బ్యాంకు, బడి, పొలం, అత్తమామల మందులు అన్నీ ఒంటిచేత్తో చూసుకున్న ఆడవాళ్లు ఆఫీసుల్లో మాట్లాడటం మీకంటే బాగా నేర్చుకున్నారు, మహిళా సంఘాల్లో వాళ్ల మాటకు విలువ ఉంది.

అన్నిటికన్నా కష్టమైనది చావు. గల్ఫ్‌లో ఒక తెలుగువాడు పోతే శవపేటిక రావడానికి వారాలు పట్టిన రోజుల్లో మీ సంఘాలు ఎంబసీల చుట్టూ తిరిగాయి, గదిగదికీ పోయి చందాలు పోగుచేశాయి, చివరికి ఆ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇచ్చేలా 2024లో ఉత్తర్వులు తెప్పించుకున్నాయి. ఏ కాగితం ఎక్కడ అడగాలో మీకు కంఠతా వచ్చు. ఇక్కడ మిల్లులో బస్తాల వరుస కూలి మీదపడి ఒక బీహారీ పోతే, తెల్లవారేలోగా అంబులెన్స్ మాట్లాడి, ఠేకేదారు చేతిలో ఎంతో కొంత పెట్టి, శవాన్ని రాష్ట్రం దాటించేయాలన్న తొందర కనిపిస్తుంది. ఎఫ్‌ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు లేకుండా శవం వెళ్లిపోతే ఆ భార్యకు తర్వాత ఏమీ రాదు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి యజమాని పరిహారం ఇవ్వాలన్నది ఈ దేశంలో 1923 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం. ఆ రోజు మీరు వెళ్లి గొడవ చేయనవసరం లేదు. ఆ మూడు కాగితాలూ కుటుంబం చేతికి వచ్చేదాకా పక్కన నిలబడితే చాలు.

ఇంతమటుకు చెప్పాక, మన ఊరి హమాలీలు, నాటు వేసే ఆడవాళ్లు నన్ను అడిగే ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. "వాళ్లొచ్చినంక మా కూలి పోయింది, మళ్ల మేమే వాళ్లకు సాయం జెయ్యాల్నా?" అని అడుగుతున్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుని మగవాళ్ల ముఠా ఒకటి తెల్లవారుజామున మడిలో దిగితే, అంతకుముందు ఆ మడికి పోయే ఇరవై మంది ఆడవాళ్లకు ఆ రోజు పని లేనట్లే. కానీ వాళ్లను తెచ్చింది మన రైతే, మన మిల్లరే. వాళ్లకు తక్కువిచ్చి ఎక్కువ పని చేయించుకోగలిగినన్నాళ్లు మనవాళ్లను పిలిచేవాడు ఉండడు. అందుకని బయటివాళ్ల కూలి మనవాళ్ల కూలితో సమానం కావడంలోనే మన హమాలీల మేలు ఉంది. హమాలీ సంఘాలు వాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలి, రేటు మాట్లాడేటప్పుడు వాళ్లనూ కూర్చోబెట్టుకోవాలి. ఇద్దరి మధ్య మాట కలపడానికి మళ్లీ మీరే కావాలి. సౌదీలో "మా ఉద్యోగాలు తింటున్నారు" అన్న మాట మీరు చెవులారా విని వచ్చారు, ఆ కోపం ఎక్కడ నుంచి పుడుతుందో, ఎవరి మీదకు పోతుందో మీకు రెండు వైపుల నుంచీ తెలుసు.

ఇందులో మీకు కలిగే మేలు లేకపోలేదు. తిరిగివచ్చినవారిలో చాలామంది మోకాళ్ల నొప్పులతో, తీరని అప్పుతో, ఊళ్లో ఏ పనికీ కుదరక కూర్చున్నారని నాకు తెలుసు. ఊరే మీకు కొత్తదైపోయిందని మీరే చెప్పారు. రెండు భాషలు వచ్చి, కూలీల భద్రత సంగతి తెలిసిన సూపర్‌వైజర్ దొరికితే తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న మిల్లులు ఉన్నాయి. ఒకవేళ అట్లా జీతానికి చేరితే మాత్రం, కూలీల తరఫున నిలబడే పని మీలో వేరొకరు చేయాలి. మిల్లు జీతం తింటూ మిల్లు మీద మాట్లాడటం ఎవరి వల్లా కాదు.

పండుగ సంగతి ఒకటి చిన్నది ఉంది. దీపావళి అయిన ఆరో రోజున బీహార్‌వాళ్లు ఛఠ్ చేస్తారు, మునిమాపున, మళ్లీ తెల్లవారుజామున నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. సద్దుల బతుకమ్మకు మనం బాగు చేయించిన చెరువు మెట్లే అప్పటికి ఉంటాయి. ఆ రెండు పూటలు ఒక లైటు ఆర్పకుండా ఉంచమని, చెత్త తీయించమని పంచాయతీ కార్యదర్శికి చెప్తే సరిపోతుంది.

వానకాలం వడ్లు మిల్లులకు వచ్చేలోపు మీ సంఘాల సమావేశంలో ఈ ఒక్క అంశం పెట్టండి. ఏ మిల్లుల దగ్గర ఎవరు, ఏ బట్టీల దగ్గర ఎవరు అని పేర్లు రాసుకోండి. ఆ పేరు, ఫోన్ నంబరు హిందీలో, ఒడియాలో గేటు లోపలి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి, ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్‌లో ఒక్కో కాగితం ఇవ్వాలి. హిందీ అక్షరాలు నేను రాసిపెడతాను. గోడ మీద రాయనివ్వడానికి మిల్లు యజమానులను ఒప్పించే పని కూడా నాకే వదిలేయండి. వాళ్లలో సగం మంది నా దగ్గర హిందీ చదివినవాళ్లే, ఆ సబ్జెక్టులో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో నాకు ఇంకా గుర్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత హిందీ పండిట్,
సుల్తానాబాద్ మండలం, పెద్దపల్లి జిల్లా